పూర్తి మత్తులో పాలపళ్ళ వైద్యం: అమెరికా పీడో రెసిడెంట్‌కు ఒక ఓఆర్ కేసు మొదటి నుంచి చివరి దాకా

బీడీఎస్ లేదా ఎండీఎస్ పూర్తిచేసి అమెరికాలో పిల్లల దంతవైద్య రెసిడెన్సీలో చేరేవాళ్ళకు కుర్చీలో చేసే పని చాలావరకు తెలిసిందే. ఎక్కువమంది తడబడేది ఆపరేషన్ రూమ్‌లో. అక్కడ దీన్ని ఓటీ అనరు, ఓఆర్ అంటారు. కోడా (అమెరికాలో దంతవైద్య శిక్షణను పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ కనీసం 24 నెలలు ఉంటుంది. అందులో నాలుగు వారాలు అనస్థీషియా విభాగంలో, రెండు వారాలు పిల్లల వైద్య విభాగంలో గడపాలి. నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఒక్కటే కాకుండా ఇతర మత్తుమందులు వాడిన సెడేషన్ కేసులు 50 చూడాలి, వాటిలో కనీసం 25 సొంత చేత్తో చేయాలి. ఓఆర్ కేసులు కనీసం 20. వాటిలో పదింటికి ముందు పరీక్ష నుంచి అంగీకార పత్రం, వైద్యం, డిశ్చార్జి, తర్వాతి చూపు దాకా అన్నీ రెసిడెంటే నడపాలి. బోస్టన్ చిల్డ్రన్స్, సిన్సినాటి చిల్డ్రన్స్, కొలంబస్‌లోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్, ఎన్‌వైయూ లాంగోన్ లాంటి ఆసుపత్రి ప్రోగ్రాముల్లో ఈ సంఖ్యలు తొందరగానే దాటిపోతాయి. కాబట్టి లెక్క గురించి బెంగపడకండి. ప్రతి కేసునూ ఒక పద్ధతిలో చేయడం మొదటి నెలలోనే అలవాటు చేసుకోండి.

ఆ పద్ధతికి మూలం ఒకటే: ఈ బిడ్డకు రెండోసారి మత్తు ఇవ్వాల్సిన అవసరం రాకూడదు. ఏ పన్ను ఉంచాలి, ఏది తీయాలి, ఫిల్లింగా క్యాపా అన్న నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. 2016 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది: మూడేళ్ళలోపు పిల్లలకు పదేపదే మత్తు ఇచ్చినా, ఒకేసారి మూడు గంటలు దాటినా మెదడు ఎదుగుదలపై ప్రభావం ఉండవచ్చని. తల్లిదండ్రులు ఇది చదివే వస్తారు, అడుగుతారు. ఒక్కసారి, వీలైనంత తక్కువ సమయం, వీలైనంత గట్టి వైద్యం అన్నదే మీ జవాబు. ఆ మాట నిజం కావాలంటే పనంతా ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

ఎవరికి కావాలి, అందాకా ఏం చేయాలి

మూడు నాలుగేళ్ళ బిడ్డకు ఎనిమిది పది పళ్ళు పుచ్చిపోయి, కుర్చీలో నోరు తెరవలేని స్థితి ఉంటే ఓఆర్ సరైన దారి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, తీవ్రమైన గుండె జబ్బు ఉన్న పిల్లలకు తక్కువ పళ్ళకైనా ఇదే నయం కావచ్చు. రెండు చిన్న పుచ్చులు మాత్రమే ఉండి, బిడ్డ కాస్త బెరుకుగా ఉన్నాడంతే అయితే మత్తు వద్దు.

తేదీ దొరకడానికి నెలలు పట్టడం చాలాచోట్ల మామూలే. ఈలోగా పుచ్చు ముదరకుండా 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పంటికి పూయండి. ఒక చుక్క సుమారు 25 మైక్రోలీటర్లు, అది ఐదు పళ్ళ వరకు సరిపోతుంది. పుచ్చిన చోటు నల్లబడుతుందని ఫోటో చూపించి ముందే చెప్పండి. నరం దాకా వెళ్ళిన పన్నుకూ, చీము బుడిపె ఉన్న పన్నుకూ ఇది పనికిరాదు.

ఓఆర్ తేదీ అడిగేటప్పుడే పిల్లల డాక్టర్‌కూ ఇతర విభాగాలకూ ఒక సందేశం పంపండి. అదే మత్తులో రక్తపరీక్ష, చెవి పరీక్ష, చెవి గొట్టాలు, గోళ్ళు కత్తిరించడం లాంటివి ఏమైనా చేయాలా అని అడగండి. సూది పోటుకు ఒప్పుకోని ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు ఇది ఎంత ఊరటో చెప్పలేం. ఆసుపత్రి ఆధారిత శిక్షణలో ఉన్న అసలు లాభం కూడా ఇదే, వాడుకోండి.

కాగితాలు, ప్రశ్నలు, అంగీకారం

హెచ్ అండ్ పీ, అంటే వైద్య చరిత్ర, శరీర పరీక్ష, శస్త్రచికిత్సకు ముందు 30 రోజుల లోపలిది అయి ఉండాలి. పాతదైతే కేసు అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు పొద్దున మార్పులేమీ లేవని మళ్ళీ రాయాలి. కేసుకు ఒక వారం ముందు పిల్లల డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేసి కాగితం వచ్చిందా అని చూసుకోవడం రెసిడెంట్ పనే.

అడగాల్సిన వాటిలో మరిచిపోయేవి ఇవి: ఇంట్లో ఎవరికైనా మత్తులో విపరీతమైన జ్వరం వచ్చిందా? కండరాల జబ్బు ఉందా? నిద్రలో గురక, ఊపిరి ఆగడం ఉందా? కిందటి నాలుగు వారాల్లో జలుబు, దగ్గు, పిల్లికూతలు ఉన్నాయా? జలుబు తగ్గిన రెండు వారాల వరకూ గొంతు బిగుసుకుపోయే ప్రమాదం, అంటే లారింగోస్పాజమ్, ఎక్కువగానే ఉంటుంది. జ్వరం, కఫంతో కూడిన దగ్గు, పిల్లికూతలు ఉంటే మత్తు డాక్టర్ వాయిదా వేస్తారు. కేవలం ముక్కు కారుతుంటే వాళ్ళతో మాట్లాడి తేల్చుకోవాలి. ఆ ఫోన్ రెండు రోజుల ముందే చేస్తే ఆ స్లాట్‌లో ఇంకో బిడ్డకు చోటివ్వవచ్చు.

గుండె జబ్బుల్లో యాంటీబయోటిక్ అవసరమైన వాళ్ళకు నోటితో అయితే అమాక్సిసిలిన్ కిలోకు 50 మి.గ్రా., గరిష్ఠం 2 గ్రాములు. ఓఆర్‌లో సిర ద్వారా యాంపిసిలిన్ అదే మోతాదు. పెనిసిలిన్ పడనివాళ్ళకు ఇక్కడ చాలామంది చేతికి వచ్చేది క్లిండమైసిన్. 2021లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని సిఫారసుల నుంచి తీసేసింది, మీరూ అలవాటు మానుకోండి.

బరువు కిలోల్లోనే రాయండి. తల్లిదండ్రులు పౌండ్లలో చెప్తారు. 33 పౌండ్ల బిడ్డ 15 కిలోలు. ఆ 33ని కిలోలుగా రాసుకుంటే ప్రతి మందూ రెట్టింపు దాటుతుంది. ఇంటి మాట మీద ఆధారపడకుండా ఆ రోజు తూకం వేయించండి.

అంగీకార పత్రంలో మెరుగైన ఊహ కాదు, ఎక్కువలో ఎక్కువ ఎంత జరగవచ్చో రాయండి. ఎక్స్‌రే తీయని నోటిలో, ఫిల్లింగ్ అనుకున్నది క్యాప్ అవుతుంది, క్యాప్ అనుకున్నది తీసేయాల్సి వస్తుంది. ముఖ్యంగా ముందుపళ్ళు తీయాల్సి రావచ్చన్న మాట ముందే, నెమ్మదిగా, సూటిగా చెప్పండి. బిడ్డ మత్తు దిగి బోసినోటితో బయటికి వచ్చినప్పుడు తల్లికి అది మొదటిసారి తెలియకూడదు. వెనక దంతాలకు వేసేవి వెండి రంగు క్యాపులని ఒక నమూనా చేతిలో పెట్టి చూపించండి.

తెలుగు కుటుంబాల విషయంలో రెండు మాటలు. బిడ్డను తరచూ అమ్మమ్మో తాతయ్యో తీసుకొస్తారు. సంతకం మాత్రం తల్లిదండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకుడిదే చెల్లుతుంది. ఆ రోజు వాళ్ళు రాలేకపోతే ఫోన్‌లో అంగీకారం ఎలా తీసుకోవాలో ఆసుపత్రి నియమం ముందే కనుక్కోండి. రెండోది భాష. మీకు తెలుగు వచ్చినా ఆసుపత్రి మిమ్మల్ని పరీక్షించి అనుమతిస్తేనే అంగీకారం మీరు తెలుగులో తీసుకోవచ్చు, లేకపోతే అర్హత గల దుబాసీని పిలవాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన పెద్దపిల్లతో చెప్పించడం అసలు పనికిరాదు. పలకరింపు, ధైర్యం చెప్పడం మటుకు తెలుగులోనే చేయండి. పిన్నిగారూ, అమ్మా అన్న ఒక్క పిలుపుతో తగ్గే భయం ఏ కరపత్రంతోనూ తగ్గదు.

కడుపు ఖాళీ నియమం

అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ లెక్క ఇది: తేట ద్రవాలు 2 గంటలు, తల్లిపాలు 4 గంటలు, డబ్బాపాలు, ఆవుపాలు, తేలికపాటి తిండి 6 గంటలు, నూనె, నెయ్యి, వేపుడు ఉన్న తిండి 8 గంటలు. చాలా ఆసుపత్రులు గందరగోళం లేకుండా అర్ధరాత్రి తర్వాత తిండి వద్దంటాయి. తేట ద్రవం అంటే గ్లాసు అవతల వేలు కనిపించాలి: నీళ్ళు, పిప్పి లేని ఆపిల్ రసం.

మన ఇళ్ళలో ఇక్కడే కేసులు పోతాయి. మజ్జిగ నీళ్ళలాంటిదే అనుకుంటారు, కాదు, అది పాల కిందికే వస్తుంది. హార్లిక్స్, బూస్ట్ కలిపిన పాలు కూడా అంతే. బిడ్డ ఏడుస్తున్నాడని కారులో బామ్మ పెట్టిన ఒక బిస్కెట్‌తో ఆరు గంటలు వెనక్కి పోతాయి. కాబట్టి ‘ఏమీ పెట్టొద్దు’ అని ఊరుకోకుండా, ఇంట్లో ఉదయం బిడ్డ దగ్గర ఎవరుంటారో వాళ్ళతోనే మాట్లాడి, పేర్లు పెట్టి చెప్పండి: పాలు, మజ్జిగ, పెరుగన్నం, బిస్కెట్, చాక్లెట్, చూయింగ్ గమ్ వద్దు. ఎన్ని గంటల దాకా నీళ్ళు తాగవచ్చో గడియారం అంకెతో చెప్పండి. నీళ్ళు కూడా ఆపేసి పొద్దున్నుంచి ఎండగట్టడం కూడా తప్పే. నీరసించిన బిడ్డ సిర దొరకదు, ఏడుపు ఆగదు.

ముందురోజు: అక్షరాలు, బండి

ఇండియాలో చదివినవాళ్ళకు ఇది అసలైన ఉచ్చు. మనం పాలపళ్ళను 55, 65, 75, 85 అని అంకెలతో పిలుస్తాం. అమెరికాలో పాలపళ్ళకు ఎ నుంచి టి దాకా అక్షరాలు. కుడి పై చివరి దవడ పన్ను ఎ, అక్కడి నుంచి ఎడమ పై చివరిది జె వరకు. కింద ఎడమ చివరిది కె, అక్కడి నుంచి కుడి కింది చివరిది టి వరకు. అంటే 55 ఎ, 54 బి, 51 ఈ, 61 ఎఫ్, 64 ఐ, 65 జె, 75 కె, 74 ఎల్, 84 ఎస్, 85 టి. తలలో తర్జుమా చేసుకుంటూ పని చేయకండి. బి, డి, ఈ, పి, టి అక్షరాలు మాస్కుల వెనక ఒకేలా వినిపిస్తాయి. అందుకే తీయాల్సిన పన్నును అక్షరంతో పాటు ‘ఎడమ పై మొదటి దవడ పన్ను’ అని పూర్తిగా చెప్పండి. పంటి మీద సిరా గుర్తు పెట్టలేం కాబట్టి పళ్ళ పటం మీదా, ఎక్స్‌రే మీదా గుర్తు పెట్టి గోడకు తగిలించాలి.

పరికరాల బండి మీద ఏముందో సాయంత్రమే చేత్తో తాకి చూడండి: రెండు హ్యాండ్‌పీసులు, 330, 169ఎల్ బర్‌లు, గుండ్రటి బర్, ఫుట్‌బాల్ ఆకారపు డైమండ్, పళ్ళ చుట్టూ కట్టే రబ్బర్ డ్యామ్, దాన్ని పట్టి ఉంచే క్లాంపులు, నోరు తెరిచి ఉంచే ప్రాపులు, స్టీల్ క్యాపుల పెట్టె, క్రింపింగ్ ప్లయర్లు, నరం మీద వేసే ఎమ్‌టీఏ, దాన్ని కప్పే ఐఆర్‌ఎమ్, గ్లాస్ అయోనోమర్ సిమెంట్, క్యూరింగ్ లైట్, సున్నా సైజు, రెండో సైజు ఎక్స్‌రే సెన్సార్లు. క్యాపుల పెట్టెలో 4, 5 సైజులే ముందు అయిపోతాయి, అవే లెక్కపెట్టండి. క్లినిక్‌లో ఒక ఓ-రింగ్ తెగితే పక్క గదికి వెళ్ళి తెచ్చుకుంటాం. ఓఆర్‌లో ఆ పది నిమిషాలు బిడ్డ మత్తులో గడుస్తాయి.

గదిలోకి వచ్చాక

భయపడే బిడ్డకు మత్తు డాక్టర్ నోటితో మిడజోలామ్ ఇస్తారు, సాధారణంగా కిలోకు 0.5 మి.గ్రా., పనిచేయడానికి 20–30 నిమిషాలు. ఆలోగా మీరు చేయాల్సిన ముఖ్యమైన పని ఊగే పళ్ళు చూడడం. ఐదారేళ్ళ బిడ్డకు ముందుపన్ను ఊగుతుంటే గొట్టం వేయకముందే మత్తు డాక్టర్‌కు చెప్పాలి. లారింగోస్కోప్ తగిలి ఊడిన పన్ను గాలిగొట్టంలోకి పోవచ్చు.

పళ్ళ పనికి ముక్కు ద్వారా గొట్టం వేయడం మేలు. నోరు ఖాళీగా ఉంటుంది, పళ్ళు కొరికించి చూడవచ్చు. ముందు ముక్కులో ఆక్సీమెటజోలిన్ చల్లుతారు, గొట్టాన్ని వేడినీళ్ళలో మెత్తబరుస్తారు, కొందరు కొనకు ఎర్ర రబ్బర్ కెథటర్ తొడిగి దింపుతారు, ఇవన్నీ రక్తం కారకుండా. కఫ్ ఉన్న గొట్టం సైజుకు వయసును నాలుగుతో భాగించి 3.5 కలపడం ఒక అంచనా, నాలుగేళ్ళ బిడ్డకు 4.5. ఎంపిక వాళ్ళదే. మీరు చూడాల్సింది తర్వాత: గొట్టం ముక్కుపుటాన్ని పైకి లాగి నొక్కుతోందా? రెండు గంటల ఒత్తిడికి చర్మం నల్లబడి పుండు పడుతుంది. తల చుట్టేటప్పుడు ముక్కు అంచు తెల్లబడలేదని చూసి, మధ్యలో మరోసారి చూడండి. కళ్ళు మూసి టేపు వేశారా, భుజాల కింద చుట్ట ఉందా, తల గుండ్రటి మెత్త మీద కుదురుగా ఉందా అన్నది కూడా.

పని మొదలయ్యే ముందు అందరూ ఆగి పేరు, పుట్టిన తేదీ, చేసే పని, అలర్జీలు, యాంటీబయోటిక్, నిప్పు ప్రమాదం గట్టిగా చదువుతారు. ఆ తర్వాత తడిపిన గాజుగుడ్డతో థ్రోట్ ప్యాక్, అంటే గొంతు వెనక అడ్డు. పెట్టేటప్పుడు ‘థ్రోట్ ప్యాక్ లోపల’ అని గట్టిగా చెప్పండి, నర్సు బోర్డు మీద సమయం రాయాలి. ఇది లాంఛనం కాదు. లోపల మరిచిపోయిన ప్యాక్ గొట్టం తీసిన నిమిషంలోనే ఊపిరి ఆపేస్తుంది. ప్యాక్ కొసను నోటి బయటికి కనిపించేలా ఉంచడం ఒక అదనపు కాపలా.

క్లినిక్‌లో ఎక్స్‌రేలు రాకపోయి ఉంటే ఇప్పుడే తీయండి: రెండు బైట్‌వింగులు, పైన కింద రెండు ఆక్లూజల్‌లు, అవసరమైన దవడ పళ్ళకు పెరియాపికల్‌లు. సీసపు ఆప్రాన్, మెడ కాలర్ విషయంలో మీ ఆసుపత్రి నియమం పాటించండి. పళ్ళు శుభ్రం చేసి, అద్దంతో ప్రతి పన్నూ చూసి, అటెండింగ్‌తో, అంటే పర్యవేక్షించే సీనియర్ డాక్టర్‌తో, పథకం ఖరారు చేసి బోర్డు మీద రాయించండి. తల్లిదండ్రులకు చెప్పినదానికి పెద్ద మార్పు ఉంటే ఇప్పుడే నర్సు ద్వారా ఫోన్ చేయించండి.

ఏ వరుసలో

ఫిల్లింగులు, క్యాపులు ముందు, తీయడాలు చివర. కారణం రక్తం. రక్తం తగిలిన చోట కాంపోజిట్ అంటదు, తెల్లటి జిర్కోనియా క్యాప్‌కు సిమెంట్ పట్టదు. ఒక్కో వైపు ప్రాప్ పెట్టి, ఒక్కో పావు నోటికి డ్యామ్ కట్టి పూర్తిచేసుకుంటూ రండి. క్లాంప్‌కు దారం కట్టడం మరవద్దు. కొందరు ముందుపళ్ళతో మొదలుపెడతారు, అది పొరపాటు లెక్క. దవడ పళ్ళు ఎత్తు తేలాకే ముందుపళ్ళ పొడవు తేలుతుంది.

కుర్చీలో అయితే రెండు గోడలు పుచ్చిన పాల దవడ పన్నుకు ఫిల్లింగ్ ప్రయత్నించవచ్చు, ఊడితే మళ్ళీ పిలవచ్చు. మత్తులో అది కుదరదు. పుచ్చు ఎక్కువగా వచ్చే నోటిలో పక్కపక్క పళ్ళ మధ్య పుచ్చు ఉంటే స్టీల్ క్యాపే మేలు. చూపుకు అందంగా లేదని తెల్ల ఫిల్లింగ్ వేసి ఏడాదికి మళ్ళీ ఓఆర్‌కు తెచ్చినవాళ్ళను చూస్తే ఈ మాట విలువ తెలుస్తుంది.

స్టీల్ క్యాప్ కుదరాలంటే

పై ఉపరితలం 1 నుంచి 1.5 మి.మీ. తగ్గించండి, పంటి గుంటల ఆకారం అలాగే ఉంచుతూ. పక్కలకు 169ఎల్‌తో సన్నగా కోసి, పక్కపంటితో తగులుడు పోయేదాకా తీయండి. చిగురు దగ్గర మెట్టు మిగలకూడదు. క్యాప్ దిగడం లేదంటే పదిలో తొమ్మిదిసార్లు కారణం ఆ మెట్టే, దాన్ని వదిలి పై భాగాన్ని మళ్ళీ మళ్ళీ అరగదీయడం కొత్తవాళ్ళు చేసే తప్పు. మూలలు గుండ్రం చేయండి. క్యాప్‌ను నాలుక వైపు ముందు పెట్టి బుగ్గ వైపుకు దింపండి, చిటుక్కుమని కూర్చోవాలి. అంచు చిగురు కింద సుమారు 1 మి.మీ. ఉండాలి. చిగురు చాలాసేపు తెల్లగానే ఉంటే క్యాప్ పొడవెక్కువ, కత్తిరించి అంచును మళ్ళీ నునుపు చేసి ప్లయర్‌తో లోపలికి వంచండి.

పక్కపక్క రెండు పళ్ళకూ క్యాపులు వేస్తుంటే రెండింటినీ ఒకేసారి తయారుచేసి, మధ్యలో మామూలుకంటే కాస్త ఎక్కువ తీసి, రెండూ కలిపి దించి చూశాకే సిమెంట్ కలపండి. ఒకటి సిమెంట్ చేశాక రెండోది దిగకపోతే మొదటిదాన్ని కోసి తీయడమే మిగులుతుంది. పుచ్చి చోటు కుంచించుకుపోయిన కింది మొదటి దవడ పన్నుకు దాని సొంత క్యాప్ వెడల్పు ఎక్కువై కూర్చోదు. అప్పుడు పై వరుసలో అవతలి వైపు మొదటి దవడ పంటి క్యాప్ ప్రయత్నించండి. ఉదాహరణకు ఎడమ కింది ఎల్‌కు కుడి పై బి క్యాప్. దాని ఆకారం ఆ ఇరుకుకు సరిపోతుంది.

సిమెంట్ గట్టిపడేలోపు ముడివేసిన ఫ్లాస్‌ను పళ్ళ మధ్య లాగేయండి. చిగురు కింద మిగిలిన సిమెంట్ వారానికి వాపవుతుంది. పళ్ళు కొరికించి చూసినప్పుడు మిల్లీమీటరు ఎత్తు వస్తే కంగారు వద్దు, పాలపళ్ళు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. ఒకే పక్క ఎత్తుగా ఉంటే మాత్రం సరిచేయాలి.

నరం, ముందుపళ్ళు

పుచ్చు తీస్తుంటే నరం బయటపడి, పంటికి రాత్రి నొప్పి, వాపు, ఎక్స్‌రేలో వేరు మధ్య నలుపు లేకపోతే పల్పాటమీ. పైనున్న నరం అంతా తీసి, తడి దూది ఉండతో నొక్కిపట్టండి. ఐదు నిమిషాల్లో రక్తం ఆగాలి. ఆగితే ఎమ్‌టీఏ, దానిపై ఐఆర్‌ఎమ్, అదే పూట క్యాప్. ఆగకపోతే ముందు నరం గది పైకప్పు మూలల్లో నరం ముక్క మిగిలిందేమో వెతకండి, చాలాసార్లు అదే. అయినా ఆగకపోతే వేర్లలోని నరమూ పాడైనట్టే. పల్పెక్టమీనా, అంటే వేర్లలోని నరమూ తీయడమా, పన్నే తీయడమా? శాశ్వత మొదటి దవడ పన్ను ఇంకా రాని బిడ్డలో రెండో పాల దవడ పన్నును కాపాడడానికి పల్పెక్టమీ విలువైనదే. మిగతా చోట్ల అనుమానం ఉంటే తీసేయడం వైపే మొగ్గండి. కుర్చీలో అనుమానపు పన్నుకు ఒక అవకాశం ఇవ్వవచ్చు, మత్తులో ఇచ్చిన అవకాశం తప్పితే బిడ్డ మళ్ళీ ఇక్కడికే రావాలి.

పై ముందుపళ్ళకు జిర్కోనియా క్యాపులు అందంగా ఉంటాయి, కానీ వంచలేం, బిగించలేం. కొన దగ్గర 1.5 నుంచి 2 మి.మీ., చుట్టూ చిగురు కింద దాకా తగ్గించి, వేలి ఒత్తిడితో హాయిగా జారేలా ఉండాలి. బలవంతంగా తోస్తే పగులుతాయి. చిగురు రక్తం పూర్తిగా ఆపాకే సిమెంట్ చేయండి. లోపల రక్తం, లాలాజలం తగలకుండా ముందు ట్రై-ఇన్ క్యాప్‌తో కొలుచుకోండి. పన్ను సగానికి పైగా ఉండి, పళ్ళు కొరికే అలవాటు లేని బిడ్డకు స్ట్రిప్ క్రౌన్‌లు, అంటే అచ్చులో పోసే కాంపోజిట్ క్యాపులు, చాలు.

తీయడం, సూది మందు

బిడ్డ మత్తులోనే ఉన్నా తీసే పంటి దగ్గర కొద్దిగా లిడోకైన్ వేస్తే రక్తం తగ్గుతుంది, లేచాక నొప్పీ తగ్గుతుంది. 2 శాతం లిడోకైన్ గరిష్ఠం కిలోకు 4.4 మి.గ్రా. 15 కిలోల బిడ్డకు 66 మి.గ్రా. ఒక 1.7 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 34 మి.గ్రా. ఉంటాయి కాబట్టి నిండా రెండు కూడా పట్టవు. పొడిచే ముందే మత్తు డాక్టర్‌కు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది చెప్పండి. ఎపినెఫ్రిన్‌తో గుండె వేగం పెరిగితే వాళ్ళకు కారణం తెలిసి ఉండాలి. కింది దవడకు పెద్ద బ్లాక్ వేయకండి. పెదవి మొద్దుబారిన బిడ్డ మత్తు దిగుతూనే దాన్ని నమిలి పుండు చేసుకుంటుంది. ఆ వాపు చూసి ఇన్ఫెక్షన్ అని తల్లిదండ్రులు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వస్తారు.

తీసిన ప్రతి పన్నునూ నర్సు ముందు లెక్క పెట్టండి. వేరు కొన విరిగితే, కింద శాశ్వతపన్ను మొగ్గ దగ్గరగా ఉంటే, తవ్వకుండా వదిలేయడం మంచిది, కరిగిపోతుంది. నోట్‌లో మాత్రం రాయాలి. కరిగే కుట్లు వాడండి, కుట్లు తీయించుకోవడానికి ఈ బిడ్డ నోరు తెరవదు. చివర 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్.

లేపే ముందు, లేచాక

పూర్తయ్యే పది నిమిషాల ముందు మత్తు డాక్టర్‌కు చెప్పండి, మందు తగ్గించుకుంటారు. నోరంతా కడిగి, సక్షన్‌తో పీల్చి, గాజుగుడ్డలు లెక్కపెట్టి, ప్యాక్ తీసి ‘థ్రోట్ ప్యాక్ బయట’ అని చెప్పి, నర్సు సమయం రాశాకే లేవండి. గొంతు వెనక, ముక్కు వెనక గడ్డకట్టిన రక్తం ఉందేమో చూడాలి. ఒక్క చుక్క స్వరతంత్రుల మీద పడితే గొంతు బిగుసుకోవచ్చు. గొట్టం తీసి, బిడ్డ బాగా ఊపిరి తీసుకునేదాకా గది వదలకండి. మీ ఫోన్, మీ నోట్ ఆగుతాయి.

నోట్ అదే పూట రాయాలి: ముందు నిర్ధారణ, తర్వాతి నిర్ధారణ, ఏ అక్షరానికి ఏం చేశారు, ఇచ్చిన లిడోకైన్, ఎంత రక్తం పోయింది, ప్యాక్ పెట్టిన తీసిన సమయాలు, చిక్కులు, బిడ్డ ఎక్కడికి వెళ్ళాడు.

మత్తు దిగుతూ అరగంట దాకా పిల్లలు గింజుకుని ఏడవడం మామూలు, నొప్పి కాకపోవచ్చు. తల్లిదండ్రులకు ఇది ముందే చెప్పి ఉండాలి. ముక్కు నుంచి కాస్త రక్తం, గొంతు మంట ఒకటి రెండు రోజులు ఉంటాయి.

ఇంటి మందు మిల్లీలీటర్లలో రాసివ్వండి. 15 కిలోల బిడ్డకు ఎసిటమినోఫెన్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున 225 మి.గ్రా.; అమెరికా పిల్లల సిరప్ 5 మి.లీ.కు 160 కాబట్టి 7 మి.లీ. ఐబుప్రోఫెన్ కిలోకు 10 చొప్పున 150 మి.గ్రా., 5 మి.లీ.కు 100 ఉన్న సిరప్ 7.5 మి.లీ., ఆరు గంటలకోసారి. ఓఆర్‌లో సిర ద్వారా ఎసిటమినోఫెన్ లేదా కెటోరోలాక్ ఇచ్చి ఉంటే ఇంట్లో మొదటి మోతాదు ఎన్ని గంటలకో గడియారం చూసి రాయండి. కోడీన్ 12 ఏళ్ళలోపు పిల్లలకు వద్దని ఎఫ్‌డీఏ 2017లో స్పష్టంగా చెప్పింది, ఆస్పిరిన్ కూడా వద్దు. మన ఇళ్ళలో ఇండియా నుంచి తెచ్చిన సిరప్‌లుంటాయి. పారాసెటమాల్ అన్నా ఎసిటమినోఫెన్ అన్నా ఒకటే మందని చాలామందికి తెలియదు, రెండూ పోసేస్తారు. అక్కడి సీసాల్లో 5 మి.లీ.కు 120, 125, 250 ఇలా రకరకాల బలాలుంటాయి, రెండు మందులు కలిపినవీ ఉంటాయి. ఆ సీసాలు పక్కన పెట్టి, ఇక్కడి సీసా ఒక్కటే వాడమని, కొలత సిరంజి చేతికిచ్చి చెప్పండి.

మొదటి రోజు చల్లటి మెత్తటి తిండి, స్ట్రా వద్దు. గోరువెచ్చటి పప్పన్నం, పెరుగన్నం సాయంత్రానికి పెట్టవచ్చు. ఆ రాత్రే బ్రష్ మొదలుపెట్టాలి. క్యాపుల చుట్టూ చిగురు నొప్పని వారం మానేస్తే వాపు పెరుగుతుంది. అరగంట నొక్కిపట్టినా ఆగని రక్తం, 101 ఫారెన్‌హీట్ దాటి తగ్గని జ్వరం, ఊపిరికి ఇబ్బంది, ఏమీ తాగలేకపోవడం ఉంటే ఆన్‌కాల్ నంబరుకు ఫోన్ చేయాలి. ఆ నంబరు కాగితం మీద పెద్దగా రాయండి.

రెండు వారాలకు ఒకసారి, తర్వాత ప్రతి మూడు నెలలకూ చూడాలి. ఓఆర్ అయిన పిల్లల్లో కొత్త పుచ్చులు రావడం తరచుగా కనిపించేదే, ఎందుకంటే నోరు మారింది, ఇల్లు మారలేదు. రాత్రి పాలసీసాలో పంచదార, బూస్ట్ కలపడం, గంటకో బిస్కెట్, అన్నం తినడం లేదని చాక్లెట్‌తో బుజ్జగించడం అలాగే ఉంటే శాశ్వత దవడ పళ్ళు వచ్చిన ఏడాదికే పుచ్చుతాయి. ‘తీపి మానేయండి’ అంటే ఎవరూ మానరు. రెండు వారాల చూపులో ఒక్క మార్పు అడగండి: పడుకునే ముందు పాలు కప్పుతో, పంచదార లేకుండా, తర్వాత బ్రష్. సీసాను ఒక్కసారిగా లాగేయలేకపోతే ప్రతి మూడు రోజులకూ పాలలో నీళ్ళ వాటా పెంచుకుంటూ వెళ్ళి చివరకు నీళ్ళే మిగిల్చమనండి. మూడు నెలలకు వచ్చినప్పుడు అదే ప్రశ్న అడిగి, చిగుళ్ళు చూసి, వార్నిష్ వేసి, రెండో మార్పు అడగండి. పాల మొదటి దవడ పన్ను తీసి ఉంటే చోటు మూసుకుపోతోందా, ఆ చోటును నిలిపే బ్యాండ్ అండ్ లూప్ వదులైందా అన్నది ఆ చూపులోనే కొలిచి రాసుకోవాలి.